బండలు పీకించాలా, పాలిష్ పట్టించాలా?

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే మా అమ్మ ఒకటే మాట పట్టుకుని కూర్చుంది. "ఈ బండలు పీకిచ్చి టైల్స్ ఏపియ్యి నాయనా. అందరి ఇండ్లూ అద్దాల మాదిరి ఉండాయి, మనదే గొడ్లపాక మాదిరి ఉంది."

మా ఊరు జమ్మలమడుగు పక్కన. ఇల్లు తాత కట్టించిన మట్టి మిద్దె. పడసాలలో నల్ల బండలు, వంటింట్లో సిమెంటు గచ్చు, నాన్న తర్వాత కట్టించిన ముందరి గదిలో మొజాయిక్. ఒకే ఇంట్లో మూడు కాలాల నేలలు. వాటన్నిటికీ అమ్మ దగ్గరున్న మందు ఒకటే, టైల్స్.

అదే వారంలో షికాగో దగ్గరుండే మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు కొన్న ఇల్లు 1950ల నాటిదట, నేలంతా ఓక్ చెక్క. గీతలు పడి, రంగు పోయి ఉంది. దాన్ని చిత్రిక పట్టించి మళ్ళీ పాలిష్ వేయించాలా, తీసేసి కొత్తది వేయించాలా అని వాడి టెన్షన్. చూడ్డానికి వచ్చిన పనివాడు నేల పైభాగాన్ని పెద్దగా పట్టించుకోలేదట. హీటర్ గాలి వచ్చే చోట నేలకు బిగించిన జాలీ ఊడదీసి, పలక అంచు మందం చూశాడట. ముప్పావు అంగుళం గట్టి చెక్క. "ఇంకా రెండుసార్లు పట్టొచ్చు, తీసేయొద్దు" అని చెప్పి పోయాడట.

నాకు ఆ జాలీ సంగతి బాగా పట్టుకుంది. చెక్క నేలల విషయంలో అక్కడి లెక్క ఇది. గట్టి చెక్క పలక మందం 19 మిల్లీమీటర్లు ఉంటే, పలకలను ఒకదానిలో ఒకటి దూర్చే గాడికి పైన ఉండే భాగమంతా అరగడానికి పనికొచ్చేదే. ఒకసారి చిత్రిక పడితే పోయేది మిల్లీమీటరు లోపే. ప్లైవుడ్ మీద పలుచని అసలు చెక్క అతికించిన రకమైతే ఒకసారి పట్టొచ్చు, మరీ పలుచనైతే అదీ కుదరదు. లామినేట్ అయితే పైన ఉండేది చెక్క కాదు, చెక్క ఫోటో. మిషన్ పెడితే ఫోటో చిరిగిపోతుంది, అంతే. అంటే నేల వయసు ఎంత అన్నది అసలు ప్రశ్న కాదు. కనబడే ముఖం కింద అదే సరుకు ఎంత మందం ఉంది, దాని కింద పునాది గట్టిగా ఉందా అన్న రెండే ప్రశ్నలు.

ఈ రెండు ప్రశ్నలూ మన బండలకు వేసి చూడండి. మా పడసాల బండలు అంగుళంన్నర నుంచి రెండంగుళాలు. పై నుంచి కింది దాకా ఒకటే రాయి. ఆ తమ్ముడి ఓక్ చెక్క దీని ముందు నిలవదు.

ఈ రాయి పుట్టుక తెలిస్తే మిగతా గొడవంతా సులువుగా అర్థమవుతుంది. మన కడప, కర్నూలు ప్రాంతం కింద ఉన్నది పాతకాలపు సముద్రపు అడుగు. సన్నని సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని కోట్ల ఏళ్ళకు రాయి అయింది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద నివేదిక రాశాడు. నేల బండలుగా వాడే నాపరాయిలో చాలా భాగాన్ని శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అంటారు, అది మన పక్క ఊరి పేరే. పొరలుగా పేరుకున్నది కాబట్టి పొరలుగానే చీలుతుంది. గనిలో ఉలి, సమ్మెట పెట్టి కొడితే పలక మాదిరి లేస్తుంది. రంపం లేని కాలంలోనే ఊరూరా బండల నేలలు పరుచుకోవడానికి కారణం అదే. తాడిపత్రి, బేతంచెర్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల లారీల్లో కనిపించే పలకలూ, అదే దారిలో పొగలు కక్కే సిమెంటు ఫ్యాక్టరీల ముడిసరుకూ సున్నపురాయే.

సున్నపురాయికి రెండు బలహీనతలు. ఒకటి, అది మెత్తన. గట్టితనం కొలిచే పది మెట్ల మోస్ కొలతలో దాని మెట్టు మూడు. మన చెప్పుల కింద ఇసుకలో ఉండే పలుగురాయిది ఏడు. అందుకే వాకిలి నుంచి వంటింటికి నడిచే దారిలో బండ మసకబారుతుంది, మంచం కింద మాత్రం కొత్తగా ఉంటుంది. రెండోది, పులుపంటే దానికి పడదు. నిమ్మకాయ, చింతపండు పులుసు, ఊరగాయ, ఇన్వర్టర్ బ్యాటరీ కింద కారే ఆసిడ్, అన్నింటికన్నా ముఖ్యంగా బాత్రూం కడిగే ఆసిడ్ ఏది పడినా రాయి కరుగుతుంది. బెలుం గుహలు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ గుహలను తొలిచింది కొంచెం పులుపెక్కిన వాననీళ్ళే. అక్కడ లక్షల ఏళ్ళు పట్టిన పనిని ఆసిడ్ సీసా మన బండ మీద అర నిమిషంలో మొదలుపెడుతుంది. తెల్లటి మచ్చ పడితే చాలామంది మరక అనుకుని ఇంకాస్త ఆసిడ్ పోసి రుద్దుతారు. అది మరక కాదు, గాయం. కడిగితే పోదు, అరగదీస్తేనే పోతుంది.

ఇందులోనే ఒక పరీక్ష కూడా ఉంది. మీ ఇంట్లో ఉన్నది నాపరాయా, గ్రానైటా తెలియకపోతే మంచం కింద ఎవరికీ కనబడని మూల ఒక నిమ్మరసం చుక్క వేసి పావుగంట ఆగి తుడవండి. మెరుపు చచ్చిపోతే సున్నపురాయి, పాలరాయి జాతి. ఏమీ కాకపోతే గ్రానైట్ జాతి. పాలిష్ చేసే రాళ్ళు, పొడులు రెండింటికీ వేరు కాబట్టి పనివాడిని పిలిచే ముందే ఇది తేల్చుకోవడం మంచిది.

ఇక పాలిష్ అంటే ఏదో పూత పూయడం అనుకుంటారు చాలామంది. మంచి పాలిష్‌లో పూసేది ఏమీ ఉండదు, అంతా అరగదీయడమే. మొదట 60 నంబరు గరుకు రాయి పెట్టి ఎత్తుపల్లాలు, పాత గీతలు తీసేస్తారు. తర్వాత 120, 220, 400 అని నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపవుతుంది. ఒక్కో నంబరూ దాని ముందుది చేసిన గీతలను చెరపాలి. ఈ మధ్య డైమండ్ ప్యాడ్లు వచ్చాక 1500, 3000 దాకా పోతున్నారు. చివర ఆక్సాలిక్ ఆసిడ్ పొడి చల్లి తడితో తిప్పితే మెరుపు వస్తుంది. ఆసిడ్ పడదన్నావు కదా అంటారేమో. బాత్రూం ఆసిడ్ రాయిని కరిగించి నీళ్ళతో కొట్టుకుపోతుంది. ఈ పొడి మాత్రం సున్నంతో కలిసి నీళ్ళలో సులువుగా కరగని పదార్థం అవుతుంది, అది మిషన్ ఒత్తిడికి రాయి ముఖం మీదే సర్దుకుంటుంది.

మోసం జరిగేది మధ్య నంబర్ల దగ్గర. 60 తర్వాత నేరుగా 400కు దూకి, పైన మైనం పూసి లైటు వేసి చూపిస్తారు. ఆ రోజు అద్దమే. రెండు నెలలకు మైనం అరిగి కింద గుండ్రటి గీతలు బయటపడతాయి. పని జరిగేటప్పుడు పక్కనే కూర్చుని రాళ్ళు మార్చినప్పుడల్లా నంబరు చూడటం తప్ప దీనికి మందు లేదు. సిగ్గుపడకండి, డబ్బులు మీవి.

చేతి ఉలితో చెక్కిన పాత బండలైతే ఇంకో లెక్క. వాటి ముఖం సమంగా ఉండదు. సమం చేయాలంటే రెండు మూడు మిల్లీమీటర్లు పోతుంది, రెండంగుళాల బండకు అది లెక్కలోది కాదు. కానీ పొరలు లేచిన బండను మిషన్ కింద పెట్టకూడదు. గోరు పెట్టి లాగితే పెచ్చు ఊడుతోందంటే లోపల చీలిక ఉన్నట్టే. దాన్ని మార్చాల్సిందే. అలాంటివి నూటికి నాలుగైదు ఉంటే నేలంతా పీకాల్సిన పనిలేదు, దొడ్లోనో మెట్ల కిందో ఉన్న పాత బండలు ఏరుకుని వాటితో మార్చొచ్చు. పాత రాయి పక్కన కొత్త పాలిష్ పలక పెడితే చొక్కాకు వేరే గుడ్డ మాసిక వేసినట్టుంటుంది.

పాలిష్ రోజుల్లో ఇల్లు ఇల్లులా ఉండదని ముందే చెప్పాలి. బూడిదరంగు బురద నీళ్ళు గోడల మీద మోకాలెత్తు దాకా చిందుతాయి. ఆ బురదను కాలవలోకి వదిలితే గట్టిపడి కాలవే మూసుకుపోతుంది. బకెట్లకెత్తి బయట పోయించాలి. తడి నేల మీద కరెంటు మిషన్ కాబట్టి ఎర్తింగ్ లేని పాత ఇళ్ళలో అది చూసుకోకుండా ప్లగ్గు పెట్టనీయకండి.

ఇంతవరకూ చెప్పింది మొదటి ప్రశ్న గురించే. నేలలు నిజంగా చెడిపోయేది రెండో ప్రశ్న దగ్గర, అంటే కింద.

కర్ర తీసుకుని బండ బండా తట్టి చూడండి. గట్టి చోట మొద్దు శబ్దం, బోలుగా ఉన్న చోట డప్పు శబ్దం. కర్నూలులో 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చినప్పుడు మునిగిన ఇళ్ళలో మా పిన్నమ్మ వాళ్ళదీ ఒకటి. నీళ్ళు తీశాక బండలు కడిగితే పైకి ఏమీ కాలేదు. ఏడాది తర్వాత బీరువా ఒక పక్కకు ఒరగడం మొదలైంది. బండల కింద ఇసుక నీళ్ళతో జారిపోయి అక్కడక్కడ గుంతలు మిగిలాయి. అలాంటి నేలకు ఎంత పాలిష్ పట్టినా, మీద ఎంత ఖరీదు టైల్ అతికించినా పగులుతుంది. ఆ ఇంట్లో చేసింది ఏమిటంటే, సుద్దముక్కతో ప్రతి బండకూ నంబరు వేసి, గడ్డపారతో లేపి, కింద గరుసు వేసి దిమ్మిస కొట్టి, మళ్ళీ ఇసుక, సిమెంటు మాలు పరిచి అవే బండలు అదే వరసలో కూర్చోబెట్టారు. పగిలినవి పోగా కొత్తగా కొన్నవి తక్కువే.

నల్లరేగడి ఊళ్ళది మరో బాధ. కోవెలకుంట్ల, నంద్యాల వైపు నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు చీలుతుంది. దాంతో పాటు ఇంట్లో నేలా కదులుతుంది. అక్కడ విడివిడిగా పరిచిన బండలు కొంచెం ఎగుడుదిగుడై ఊరుకుంటాయి. ఒకదానికొకటి బిగించి అతికించిన టైల్స్ మాత్రం నిట్టనిలువునా చీలతాయి. తాతలు రేగడి తవ్వి ఎర్ర గరుసు నింపి బండలు పరిచింది తెలివితక్కువై కాదు. అనంతపురం ఎర్రనేలల్లో, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానలో ఈ గొడవ తక్కువ.

చెమ్మ గురించి మాత్రం నా సొంత చేతులు కాల్చుకున్న సంగతి చెప్పాలి. కడపలో మేము కొన్న పాత ఇంట్లో మొజాయిక్ మీదే టైల్స్ అతికించేద్దామన్నాడు కాంట్రాక్టరు. పీకే ఖర్చు లేదు, నాలుగు రోజుల్లో పని అయిపోతుందన్నాడు. అయిపోయింది కూడా. రెండో వానాకాలానికి గోడలు నడుమెత్తు దాకా ఉప్పు పూసి పెచ్చులూడాయి. పాత ఇళ్ళలో పునాది మీద చెమ్మను ఆపే పొర ఉండదు. భూమిలోంచి లేచే తడి అప్పటిదాకా నేల సందుల్లోంచి కొంత, గోడల్లోంచి కొంత ఆరిపోతూ ఉండేది. మేము నేలంతా మూతపెట్టేశాం. విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతం నీళ్ళు కూడా పీల్చదు, ఇక తడిని పైకి ఎక్కడ వదులుతుంది? అది గోడ దారి పట్టింది, తనతో పాటు చౌడునూ మోసుకొచ్చింది. మట్టి, సున్నంతో కట్టిన గోడలున్న మిద్దె ఇళ్ళకైతే ఇది ఇంకా ప్రమాదం. అక్కడ ఊడేది రంగు కాదు, గోడే.

నేల మీద నేల వేస్తే వచ్చే ఇంకో చిక్కు ఎత్తు. టైల్, దాని కింద జిగురు కలిసి అర అంగుళం పైనే లేస్తుంది. తలుపులు కింద కోయాలి. మెట్లలో చివరిది పొట్టిదై రాత్రిపూట కాలు తడబడుతుంది. అన్నింటికన్నా మా ఇళ్ళలో పెద్ద పేచీ గడప. పసుపు రాసి బొట్లు పెట్టే గడప నేలకు సమానంగా కూరుకుపోతే ఏ ముసలామె ఊరుకుంటుంది? దీనికి తోడు మన వీధుల్లో పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోస్తూ పోతారు. రోడ్డు ఇంటికన్నా పైకొచ్చి వాననీళ్ళు లోపలికి వస్తుంటే అప్పుడు మాత్రం పాలిష్ మాట పక్కనపెట్టి నేల లేపాల్సిందే. అలా లేపేటప్పుడు కూడా పాత బండలు తీసి, మట్టి నింపి, మళ్ళీ అవే పరచొచ్చు.

డెబ్బైల నుంచి తొంభైల దాకా కట్టిన ఇళ్ళలో ఎర్ర గచ్చు, మొజాయిక్ కనిపిస్తాయి. ఎర్ర గచ్చు పైన రంగు కలిపిన పొర చాలా పలుచన. పగిలితే అతుకు కనబడకుండా వేయగల చేతులు ఇప్పుడు తక్కువ. బాగుంటే కొబ్బరినూనె గుడ్డతో తుడుచుకుంటూ వాడుకోండి, పాడైతే దాని మీద మమకారం వద్దు. మొజాయిక్ అలా కాదు. పాలరాయి పలుకులున్న పై పొర ఐదారు మిల్లీమీటర్లు ఉంటుంది. ముప్పై ఏళ్ళు వాడాక కూడా ఒక మంచి పాలిష్‌కు చోటుంటుంది. మసిబారిన మొజాయిక్‌ను చూసి పీకించేసే వాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. మిషన్ ఒక మూల పది నిమిషాలు తిప్పించి చూసి అప్పుడు మాట్లాడండి.

కొత్త ఇళ్ళ టైల్స్‌కు పాలిష్ అన్న మాటే లేదు. డబుల్ చార్జ్ రకంలో రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అరిగినా రంగు మారదు. మెరిసే గ్లేజు రకంలో బొమ్మ కాగితమంత మందమే, తమ్ముడు చెప్పిన లామినేట్‌కు అన్న వరస. గీత పడితే టైల్ మార్చడమే. డిజైన్లు రెండేళ్ళకే దుకాణాల్లోంచి మాయమవుతాయి, వేయించేటప్పుడే రెండు పెట్టెలు అటక మీద దాచుకోండి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఢామ్మని టైల్స్ పైకి లేచాయని వింటుంటాం. సందు లేకుండా అతికించడమే చాలావరకు కారణం. వేడికి సాగడానికి చోటు లేక లేస్తాయి. రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలమంటే "చూడ్డానికి బాగుండదు సార్" అంటారు. లేచాక ఇంకా బాగుండదు.

చెక్క నేల మన దగ్గర మేడ మీద ఒక గదిలో సరదాగా వేసుకోవచ్చేమో. బకెట్ నీళ్ళు పోసి చీపురుతో కడిగే మన అలవాటు ముందు, చెదల ముందు, మే నెల ఎండ ముందు అది నిలబడటం కష్టం.

బండలు చల్లగా ఉంటాయి, టైల్స్ ఉండవు అని ఒక మాట తిరుగుతుంటుంది. అది సగమే నిజం. చల్లదనం రాయిది మాత్రమే కాదు, దాని కిందున్న భూమిది. భూమిని ఆనుకున్న టైల్ కూడా చల్లగానే ఉంటుంది. అదే నాపరాయిని తీసుకెళ్ళి పైన ఎండ కాసే మేడ మీది గదిలో వేస్తే రాత్రి పదింటికీ వేడి కక్కుతూనే ఉంటుంది. కాబట్టి ఆ కారణంతో బండలు ఉంచుకోనక్కర్లేదు, ఆ కారణంతో పీకనూ అక్కర్లేదు. తడిస్తే జారడం మాత్రం చూసుకోవాలి. పెద్దవాళ్ళున్న ఇంట్లో వంటింటి నుంచి దొడ్డికి పోయే దారిని అద్దం చేయించకండి, 220 దగ్గర ఆపమని చెప్పండి.

బేరం ఆడేటప్పుడు మొత్తానికి ఒకే రేటు ఒప్పుకోవద్దు. పీకడం, చెత్త తోలడం, కింద గట్టి చేయడం, పరచడం, గోడల అడుగున పట్టీ వేసే స్కర్టింగ్, మూలల్లో చేతి మిషన్ పని వేటికవే రాయించండి. చదరపు అడుగుకు పాలిష్ రేటు, టైల్ రేటు పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఈ చిల్లర పనులు మరిచిపోతారు. చివర బిల్లు పెరిగేది అక్కడే.

మా ఇంటి సంగతి. బేల్దారిని పిలిపించి పడసాలంతా తట్టిస్తే పదకొండు బండల కింద డప్పు మోగింది, అన్నీ వంటింటి గోడ వెంబడే. లేపి చూస్తే పాత నీళ్ళ పైపు కారుతోంది. పైపు మార్చి బండలు తిరిగి పరిచాం. వంటింట్లో మాత్రం పాత గచ్చు పీకించి కొత్త టైల్స్ వేయించాం, అమ్మ మాటా నిలబడాలి కదా. పడసాలకు మూడు రోజులు మిషన్ తిరిగింది. రెండో రోజు సాయంత్రానికి తడి తుడిస్తే నల్లటి రాయిలో దూలాలు కనబడ్డాయి. అమ్మ ఏమీ అనలేదు గానీ, పక్కింటామెను పిలుచుకొచ్చింది.

పంచలో తలుపు పక్క బండ మీద తాత ఉలితో చెక్కుకున్న పులిజూదం గీతలున్నాయి. మిషన్ అక్కడికి రాగానే అమ్మ అడ్డం కూర్చుంది. పనివాడు దాన్ని వదిలేసి చుట్టూ పట్టాడు. ఇప్పుడా బండ మిగతావాటికన్నా రెండు మిల్లీమీటర్లు ఎత్తు. పోయిన నెల వెళ్ళినప్పుడు చీకట్లో నాకే తగిలింది.